చెవిలో చెప్పే మాట

మా అత్తగారి చేత "ఆయ్" అనిపించుకోవడం ఎవరికైనా తేలికే. ఆ మాటకొస్తే కోనసీమలో ఎవరి చేతైనా తేలికే. ఏం చెప్పినా ముందు ఆయ్ అంటాం, ఆలోచించేది తర్వాత. ఆటో అతను అంటాడు, బ్యాంకులో కౌంటరు దగ్గరి మనిషి అంటాడు, నా క్లాసులో హోంవర్కు చెయ్యని పిల్లలు కూడా "ఆయ్ అండి, రేపు తెచ్చేస్తామండి" అని హాయిగా కూర్చుంటారు. విన్నానని, సరేనని, మీరంటే నాకు గౌరవమని, అన్నీ ఆ ఒక్క ముక్కలో సర్దేస్తాం. అందుకే మా ఇంట్లో ఒక మనిషికి చెవులు వినబడడం తగ్గిపోయి చాలా కాలమైనా మాకెవరికీ తెలియలేదు.

మా ఊరు అమలాపురం నుంచి పి.గన్నవరం వెళ్లే దారిలో లోపలికి ఉంటుంది. అత్తగారు ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలోనే టీచరుగా చేసి రిటైరయ్యారు. వాళ్లమ్మగారు కూలికి వెళ్లి నాట్లు వేసిన మనిషి. ఈవిడ ఆ ఇంట్లో మొదటిసారి చదువుకున్న ఆడపిల్ల. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన చెయ్యి కాబట్టి, గడ్డాలు నెరిసినవాళ్లు కూడా ఆవిడ ఎదురొస్తే సైకిలు దిగుతారు. నేను పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు సైకిళ్లు దిగేవాళ్లెవరూ లేరు.

అయితే ఆవిడకున్న మర్యాదంతా బడి వల్ల వచ్చింది కాదు. మా చర్చికి దక్షిణం వైపు వరండాలో ఒక సిమెంటు బల్ల ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అత్తగారు వెళ్లి దాని మీద కూర్చుంటారు. ఒక్కొక్క ఆడమనిషీ వచ్చి పక్కన కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆవిడ చెవిలో తన బాధ చెప్పుకుంటుంది. దాన్ని మనవి అంటారు. మొగుడి తాగుడు, కోడలి కడుపు పండకపోవడం, గల్ఫ్‌లో కొడుక్కి జీతం ఆగిపోవడం, స్కానింగులో కనిపించిన గడ్డ, ఏదైనా సరే. అత్తగారు సలహాలు ఇవ్వరు. వింటారు. విని, ఇంటికొచ్చి తెల్లారగట్ల లేచి ఒక్కొక్కరి బాధా దేవుడికి విడివిడిగా చెబుతారు. ఆవిడ చెవిలో పడిన మాట మూడో మనిషికి చేరిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. మా ఊళ్లో అది సామాన్యమైన విషయం కాదు. ఇక్కడ పక్కింట్లో పోపు మాడితే మన ఇంటికొచ్చి చెబుతారు.

ఇక నా సంగతి. ఇది మా అమ్మ చనిపోయిన ఏడాది ఎండాకాలంలో మాట. మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్కు, సెలవు దొరక్క అంత్యక్రియలకి రాలేకపోయారు. పుట్టింటి ఊరు రాజోలు వైపు. అమ్మ ఉన్నప్పుడు ప్రతి శనివారం బస్సెక్కేదాన్ని, పోయాక ఎక్కడానికి కారణం లేదు. ఒక మధ్యాహ్నం నేనూ అత్తగారూ పెరట్లో కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తున్నాం. ఉన్నట్టుండి చేతిలోని ముక్క తుడవడం ఆపేశాను. "అత్తయ్యగారండీ, మా అమ్మ పోయినకాడి నుంచి నాకీ ఇంట్లో ఎవరూ లేనట్టుందండి" అన్నాను.

ఆవిడ నావైపు చూసి, ఎప్పటిలాగే నవ్వుముఖంతో "ఆయ్" అన్నారు. "ఆ చేట ఇలా అందుకోమ్మా" అన్నారు.

అందించాను. మళ్లీ ముక్కలు తుడిచాను. ఊరందరి బాధలూ వినే మనిషికి నా బాధ చేటపాటి కూడా చెయ్యలేదని కోపం ముంచుకొచ్చింది. నాది తొందరగా మండి ఆలస్యంగా ఆరే స్వభావం. ఆ తర్వాత ఆవిడతో అవసరమైన మాటలే మాట్లాడాను. కూర ఉందండి, పాలు పొంగాయండి, బడికి వెళ్లొస్తానండి. ఆవిడ అన్నిటికీ ఆయ్ అనేవారు.

వానాకాలంలో అసలు సంగతి బయటపడింది. ఆ ఆదివారం నేను వరండా స్తంభం పక్కన గొడుగు విప్పుతూ నిలబడి ఉన్నాను. మా వీధిలోనే ఉండే టైలరమ్మాయి వచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని, వాళ్లమ్మకి కాకినాడలో తీసిన స్కానింగు బాగా రాలేదని చెప్పింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. అత్తగారు ఆ అమ్మాయి చెయ్యి నిమిరి, "ఆయ్. మంచిదమ్మా. దేవుడికి స్తోత్రం" అన్నారు, అదే నవ్వుముఖంతో.

ఆ అమ్మాయి లేచి, వానలో తడుస్తూనే వెళ్లిపోయింది.

ఇంటికొచ్చే దారిలో నాకు లెక్క తెగింది. వెనక నుంచి పిలిస్తే ఆవిడ తిరగకపోవడం, కుక్కరు ఈలలు వేసినా స్టవ్ కట్టకపోవడం, నేను మాట్లాడుతుంటే నా కళ్లకేసి కాకుండా నా నోటికేసి చూడడం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. దాంతోపాటే ఆవకాయ ముక్కల మధ్యాహ్నం కూడా. ఆవిడకి నా మాట చేరనే లేదు. కోపం పోవాలి కదా, పోయింది. కానీ ఆ మాట మళ్లీ ఎత్తి చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఒకసారి నేల మీద పడిన మాటని తీసి దులిపి మళ్లీ చేతిలో పెట్టడం ఎలాగో తెలియలేదు.

తర్వాతి ఆదివారాల్లో బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. తిట్టుకుని కాదు, మర్యాదగానే. "వందనాలండి" అని దూరం నుంచే చేతులు జోడించి వెళ్లిపోయేవారు. చివరికి అత్తగారు ఒక్కరే బల్ల మీద కూర్చుని, బైబిలు సంచిని ఒళ్లో పెట్టుకుని, నేను చెప్పులు వేసుకుని వచ్చేదాకా ఎదురుచూసేవారు. ఒకరోజు దారిలో తనే అన్నారు, "నాకు చెప్పుకోడం మానేసేరమ్మా. నాకు వినబడట్లేదని వాళ్లకి తెలిసిపోయింది."

ఆవిడకి ముందే తెలుసన్నమాట. "మరి మాకెందుకు చెప్పలేదండీ" అని గట్టిగా అడిగితే, "ఏం చెప్తాను. వినే పని తప్ప నాకింకో పని లేదు. అదీ పోయిందని నా నోటితో నేనే చెప్పుకోవాలా" అన్నారు.

డిసెంబరులో మా ఆయన సెలవు మీద వచ్చారు. నేను ఫోనులో సంగతి చెప్పి ఉండడంతో, అక్కడి మాల్‌లో ఒక మెషిను కొనుక్కొచ్చారు. గల్ఫ్ నుంచి వచ్చిన వస్తువు ఏదైనా మంచిదే అయి ఉంటుందని మా వాళ్ల నమ్మకం. టార్చిలైటయినా, సెంటుసీసా అయినా, చెవి మెషిను అయినా. అందరం చుట్టూ కూర్చుని అత్తగారి చెవిలో పెట్టించాం. ఆవిడ ముఖం చిట్లింది. కంచం నేల మీద పెడితే ఉలిక్కిపడ్డారు, మోటారు వేస్తే చెవి మూసుకున్నారు. "మాటలు వినబడుతున్నాయా అమ్మా" అని మా ఆయన అడిగితే, కొడుకు మనసు నొచ్చుకుంటుందని "ఆయ్, బాగా వినబడుతున్నాయి బాబూ" అన్నారు. ఆయన తృప్తిగా మస్కట్ విమానం ఎక్కారు. ఆ సాయంత్రమే మెషిను డబ్బాలోకి వెళ్లిపోయింది.

డబ్బాలో ఉంటే బాగుండేది. మా ఇళ్లల్లో ఏ వస్తువూ ఊరికే ఉండకూడదు. చీర నచ్చకపోతే చెల్లెలికి, కళ్లజోడు సరిపోకపోతే ఆడపడుచుకి. అత్తగారి చెల్లెలు, నాకు చిన్నత్తగారు, బండారులంకలో ఉంటారు. ఆవిడకి చిన్నప్పటి నుంచి కుడిచెవి కారుతుంది, వినికిడి తక్కువ. "నాకెలాగూ పనికిరాలేదు, నువ్వు పెట్టుకో" అని అత్తగారు ఆవిడకి ఇచ్చేశారు. చిన్నత్తగారు సంబరంగా పొద్దస్తమానం పెట్టుకుని తిరిగారు. సంక్రాంతి వెళ్లేసరికి చెవి వాచి, చీముపట్టి, దవడ కదపలేకుండా అయ్యింది. అప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. సెలవు పెట్టి, ఇద్దరినీ ఆటోలో కూర్చోబెట్టి అమలాపురం తీసుకెళ్లాను. ఆటోలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఎవరి మాట వారు గట్టిగా చెప్పుకుంటూ, ఒకరికొకరు ఆయ్ అనుకుంటూ వచ్చారు. డ్రైవరు అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

చెవి డాక్టరుగారు ఇద్దరి చెవుల్లోకీ లైటు వేసి చూశారు. చిన్నత్తగారికి చెవి పరదాకి చిల్లు ఉందన్నారు, మందులు రాశారు. అత్తగారికి చెవులు పైకి శుభ్రంగా ఉన్నాయి. ఇద్దరినీ వినికిడి పరీక్షకి పక్క గదికి పంపారు. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి చాలా చిన్నది, మా పెద్ద తరగతి పిల్లల కంటే కొంచెం పెద్దగా ఉంటుందేమో అనిపించింది. ఈ పిల్ల మా ఇద్దరు మహాతల్లులతో ఏం వేగుతుందిలే అనుకున్నాను.

ఆ గదిలో గాజు అద్దం ఉన్న చిన్న అర ఉంది. అత్తగారిని లోపల కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, "మామ్మగారండీ, సన్నగా కూత వినబడినప్పుడల్లా వేలెత్తండి. ఎంత చిన్నగా వినబడినా ఎత్తండి" అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కూడా చూపించింది. అత్తగారు ఆయ్ అన్నారు. అమ్మాయి బయట మీటలు నొక్కడం మొదలుపెట్టింది. నొక్కినప్పుడల్లా అద్దంలోంచి చూస్తుంది, చూసినప్పుడల్లా అత్తగారు చక్కగా వేలెత్తుతున్నారు. వినికిడి అంత బాగుందేమిటా అని నాకే ఆశ్చర్యం వేసింది.

అమ్మాయికి అనుమానం వచ్చింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏ మీటా నొక్కకుండా, తలెత్తి అద్దంలోంచి చూసింది. లోపల వేలు లేచింది. మళ్లీ చూసింది. మళ్లీ లేచింది.

నవ్వాపుకుంటూ తలుపు తీసి, "మామ్మగారండీ, ఇప్పుడు నేను కూత పెట్టలేదండి" అంది గట్టిగా.

"నువ్వు చూసేవు కదమ్మా" అన్నారు అత్తగారు. "అంత ఆశగా చూస్తున్న పిల్లకి బదులివ్వకపోతే ఏం బావుంటుంది?"

నేను తల పట్టుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం విసుక్కోలేదు. "మన వైపు పెద్దవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారండి, మా మామ్మ కూడా ఇలాగే చేసింది" అని, కుర్చీని గోడవైపు తిప్పింది. ఇక ఎవరి ముఖమూ కనబడదు. ఈసారి వేలు లేవడం చాలా తగ్గిపోయింది. బొంగురు శబ్దాలకి లేచేది, సన్నటివాటికి లేవలేదు. గోడకేసి కూర్చున్న ఆవిడ వీపు వైపు నేను చూస్తూ ఉండిపోయాను. తెల్ల జరీ అంచు చీర, నిటారుగా ఉన్న నడుము, ఒళ్లో కదలకుండా ఉన్న చెయ్యి. కూతలు పోతున్నాయని ఆవిడకి తెలుసు, ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. జన్మంతా ఎదుటివాళ్లకి ఆయ్ అన్న మనిషికి అది ఎంత కష్టమో నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత మాటల పరీక్ష. అమ్మాయి నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఒక్కొక్క మాటా అంటుంది, విని తిరిగి చెప్పాలి. రెండు మాటలు చెప్పాక అత్తగారు మూడోదానికి ఆయ్ అన్నారు.

"ఆయ్ అనకూడదండి" అంది అమ్మాయి, చాలా మెత్తగా. "వినబడకపోతే వినబడలేదనండి. మీరలా అంటేనే నేను సరిగ్గా చెయ్యగలను."

అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. తర్వాతి మాటకి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా, "వినబడలేదు" అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

చిన్నత్తగారికీ పరీక్ష చేశాక, అక్కాచెల్లెళ్లిద్దరి వినికిడి చూపించే గీతల పటాలనీ పక్కపక్కన పెట్టి ఆ అమ్మాయి మాకు చెప్పిన తీరుకి, టీచరుగా నాకు అసూయ కలిగింది. చెవి వెనక ఎముక మీద ఒక బిళ్ల లాంటిది పెట్టి కూడా శబ్దం పంపి చూసింది. చిన్నత్తగారికి ఆ బిళ్ల పెట్టగానే కళ్లు పెద్దవయ్యాయి. "ఇదేంటమ్మా, ఇలా ఖంగుమని వినబడుతోంది" అన్నారు. ఆవిడకి లోపలి చెవి గట్టిగానే ఉందట, శబ్దం లోపలికి వెళ్లే దారి దగ్గరే అడ్డం. ముందు చెవి ఆరాలి, పరదాకి ఆపరేషను పనికొస్తుందేమో డాక్టరుగారు చూడాలి. మెషినే పెట్టుకోవలసి వస్తే, కారే చెవిని మూసే రకం కాకుండా, నుదుటి పట్టీలాగా ఎముక మీద ఆనించుకునే రకం చూద్దామంది. అత్తగారికి దారి బాగానే ఉంది, లోపలి నరం పాడైంది. ఎముక మీద పెట్టినా అంతే. అందులోనూ అన్ని శబ్దాలూ పోలేదు. బొంగురువి ఉన్నాయి, సన్నవి పోయాయి. "మనిషి గొంతు వినబడుతుంది, మాట తెలీదు. అందుకే మస్కట్ మెషిను అన్నిటినీ ఒకేలా పెంచేసరికి కంచాలు మోగేయి తప్ప మాటలు తేలలేదండి" అంది.

తర్వాత, "మామ్మగారూ, మీకు ముఖ్యంగా ఎక్కడ వినబడాలండి?" అని అడిగింది. టీవీ, ఫోను, ఇంట్లో మాటలు అని నేను చెప్పబోయాను. ఇలాంటప్పుడు నా నోరు ఆగదు. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"చెవిలో చెప్పే మాట వినబడాలమ్మా" అన్నారు.

ఆ పిల్ల రాయడం ఆపేసింది. అత్తగారు బల్ల సంగతి, కొంగు అడ్డం పెట్టుకుని చెప్పుకునే మనవుల సంగతి చెప్పారు. అంతా విని ఆ అమ్మాయి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. గుసగుసలో గొంతు ఉండదని, ఉన్నదంతా గాలేనని, ఆ సన్నటి గాలి శబ్దాలే అత్తగారికి పోయాయని, అన్నిటికంటే కష్టమైనదే ఆవిడ అడిగారని చెప్పింది. "ఏ మెషినూ మీ పాత చెవి తెచ్చివ్వదండి. సన్నటివాటినే పెంచేలా నేను సర్దుతాను. రెండు చెవులకీ పెట్టుకోవాలి. కానీ సగం పని మీది. వాళ్లని కొంగు తీసి, మీ ఎదురుగా కూర్చుని, గుసగుసగా కాకుండా మెల్లి గొంతుతో చెప్పమనాలి. వినబడనప్పుడు వినబడలేదని చెప్పాలి. చెప్పగలరాండి?"

అత్తగారు ఆయ్ అనబోయి ఆగిపోయారు. "చూస్తానమ్మా" అన్నారు. అది నిజమైన జవాబు.

ఇక రకం ఎంచుకోవాలి. చెవి లోపలికి పోయి, బయటికి అసలు కనబడని బుల్లి మెషిను ఒకటుంది. నా కళ్లు దాని మీదే. మా అత్తగారి హుందాతనానికి చెవి వెనక ప్లాస్టిక్ ముక్క వేలాడడం నాకు ఇష్టం లేదు. అది చెవిని పూర్తిగా మూసేస్తుందని, బొంగురు శబ్దాలు బాగానే వినబడే ఈవిడకి తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు ఉంటుందని, వేళ్లు బిగుసుకుపోయిన చేత్తో అంత చిన్న బ్యాటరీ మార్చడం కష్టమని ఆ అమ్మాయి చెప్పింది. చెవి వెనక కూర్చుని, సన్నటి తీగతో చెవిలోకి వచ్చే రకం చూపించింది. చెవి తెరిచే ఉంటుంది, రాత్రి ఛార్జింగు పెట్టుకోవచ్చు. నేనింకా సణుగుతుంటే అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని, "కనబడితే ఏమవుతుందమ్మా" అన్నారు. "కనబడాలి. ఈవిడ మళ్లీ వింటోంది అని ఊళ్లోవాళ్లకి తెలిసేదెలా?"

నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు ఆ గదిలో ఆ ఇద్దరి ముందు నోరు మూసుకోవడమే నాకు గౌరవంగా అనిపించింది.

మెషిను పెట్టుకున్న మొదటి వారం ఇల్లు ఇల్లులా లేదు. ప్లాస్టిక్ కవరు చప్పుడు, కొబ్బరాకుల గలగల, తన చీర కుచ్చిళ్ల శబ్దం, అన్నీ ఆవిడకి కొత్తే. తలనొప్పి వచ్చేది. ముందు ఇంట్లోనే నెమ్మదిగా అలవాటు చేసుకోమని, రోజురోజుకీ సమయం పెంచుకోమని ఆ అమ్మాయి చెప్పింది. అత్తగారు దాన్ని ఎక్కాల పుస్తకంలా పట్టుకున్నారు. సాయంత్రం నేను బడి నుంచి రాగానే నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి పేపరు చదివించేవారు. నేను ఒక వాక్యం చదవాలి, ఆవిడ అటునుంచి తిరిగి చెప్పాలి. రాని చోట "వినబడలేదు" అని గట్టిగా అనేవారు. మొదట్లో ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో ఎవరినో తిట్టినంత ఇబ్బంది ఉండేది. రానురాను బాగా కుదిరింది. మా వైపు గాలిలో తేమకి మెషిను పాడవకుండా రాత్రి వేళ పెట్టే డబ్బాని కూడా, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల పాత్రలంత భద్రంగా చూసుకునేవారు. ఒకరోజు చర్చి మెట్ల మీద పాస్టరుగారు ఏదో అంటే, "వినబడలేదండి, మళ్లీ చెప్పండి" అన్నారు. మెట్ల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మా ఊళ్లో పాస్టరుగారి చేత ఒకే మాట రెండుసార్లు చెప్పించిన మొదటి మనిషి ఈవిడే అయి ఉంటారు. ఆయన నవ్వి, మళ్లీ చెప్పారు.

బల్ల మీదకి మాత్రం ఎవరూ రాలేదు. అత్తగారు కొన్ని ఆదివారాలు ఊరికే కూర్చుని చూశారు. తర్వాత ఒక ఆదివారం తనే లేచి, చెప్పులు వేసుకుంటున్న టైలరమ్మాయి దగ్గరికి వెళ్లారు. నేను వెనకే ఉన్నాను.

"ఆ రోజు నువ్వు చెప్పింది నాకు వినబడలేదమ్మా" అన్నారు. "వినబడకుండానే ఆయ్ అనేసేను. నీ ముఖం చూసి కూడా అడగలేదు. ఇప్పుడు చెప్తావా?"

ఆ అమ్మాయి ఏడ్చేసింది. వాళ్లమ్మ బతికే ఉంది, కాకినాడలో వైద్యం నడుస్తోంది, జుట్టంతా రాలిపోయింది. ఇద్దరూ వెళ్లి బల్ల మీద కూర్చున్నారు. అమ్మాయి అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోతే, అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కిందికి దించారు. మధ్యలో రెండుసార్లు "వినబడలేదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి రెండుసార్లూ మళ్లీ చెప్పింది, మొదటిసారి కంటే ఎక్కువే చెప్పింది. ఆయ్ అని ఊరుకునే మనిషి కంటే, వినబడలేదు మళ్లీ చెప్పు అనే మనిషికే ఎక్కువ చెప్పుకోవాలనిపిస్తుందని నాకు ఆ రోజు తెలిసింది. అంత పెద్ద వయసులో, అంతమంది చూస్తుండగా తన పొరపాటుని నెత్తిన వేసుకుని నడిచి వెళ్లిన ఆవిడని చూసి నాకు గర్వంగా అనిపించింది. ఆవిడ నా కన్నతల్లి అయి ఉన్నా అంతకంటే గర్వపడేదాన్ని కాదు. అప్పటి నుంచి ఒకరూ ఇద్దరూ మళ్లీ రావడం మొదలుపెట్టారు.

ఎండాకాలం వచ్చింది. మళ్లీ పెరట్లో అదే చోట ఆవకాయ ముక్కలు తుడుస్తూ కూర్చున్నాం. అత్తగారు చెవి వెనక మెషిను మీద చెమట పట్టకుండా చిన్న గుడ్డ తొడుగు వేసుకున్నారు, తనే కుట్టుకున్నది. కొంతసేపయ్యాక, చేతిలోని ముక్క పక్కన పెట్టి అన్నారు.

"కిందటేడు ఇక్కడే కూచుని నువ్వు నాతో ఒక మాట చెప్పేవు. ఏం చెప్పేవమ్మా?"

నేను తలెత్తి చూశాను. "మీకు వినబడలేదు కదండీ, ఎలా గుర్తుంది?" అన్నాను.

"వినబడలేదు. కానీ నువ్వు ముక్క తుడవడం ఆపేసి చెప్పేవు. నేను ఆయ్ అన్నాక మళ్లీ తుడవడం మొదలెట్టేవు. అప్పటికాడి నుంచి నువ్వు నాతో సరిగ్గా మాట్లాళ్లేదు. ఏదో పెద్ద మాటే నా చెవి దాకా వచ్చి పడిపోయిందనుకున్నాను. అడగాలంటే ముందు వినబడాలి కదా, అందుకని ఇన్నాళ్లూ ఆగేను."

నేను చెప్పాను. ఆ రోజు చెప్పినట్టే, ఆ మాటలే చెప్పాను. ఇప్పుడది పూర్తిగా నిజం కాకపోయినా, ఆవిడకి చేరవలసిన మాట అదే కాబట్టి మార్చలేదు. మా అమ్మ పోయినకాడి నుంచి నాకీ ఇంట్లో ఎవరూ లేనట్టుందండి.

అత్తగారు ఆయ్ అనలేదు. కళ్లు తుడుచుకున్న చేతికి మామిడి సొన అంటి ఉందేమో, కళ్లు మండి మళ్లీ తుడుచుకున్నారు. "అంత పెద్ద మాట అంత మెల్లిగా చెప్తారామ్మా ఎవరైనా" అని కసిరారు. తర్వాత, "మీ అమ్మగారు నిన్ను ఇంట్లో ఏమని పిలిచేవారు?" అని అడిగారు.

అది నా పేరు కాదు, పేరుకి చాలా దూరం, పసిపిల్లల్ని పిలిచే ఒక ముద్దు పిలుపు. అమ్మతోనే పోయిందనుకున్నాను. లెక్కల టీచరుకి పైకి చెప్పుకోవడానికి సిగ్గు. తల వంచుకుని, పెదవులు కదిలీ కదలకుండా, గాలితోనే చెప్పాను. మళ్లీ చెప్పమంటారని ఎదురుచూశాను.

అడగలేదు. ముక్క చేతిలోకి తీసుకుని, ఆ పిలుపుతోనే నన్ను పిలిచి, చేట ఇలా అందుకోమన్నారు.